కెప్టెన్ ఎక్కిన అంబులెన్సు

కురుమూర్తి ఆటో రాలేదు.

మంగళవారం, శుక్రవారం పొద్దున్నే ఎస్సీ కాలనీ కమాను దగ్గర ఆ ఆటో హారన్ మోగాలి. పాల్‌ను ఎక్కించుకుని గద్వాల దవాఖానకు తీసుకుపోవాలి. అక్కడ మిషను అతని రక్తం కడిగి పంపుతుంది. కిడ్నీలు చెడిపోయిన దగ్గర్నుంచి పాల్ బతుకు ఆ రెండు రోజుల మీదే నడుస్తోంది. పోయిన శుక్రవారం ఆటో రాలేదు. ఈ మంగళవారమూ రాలేదు.

పాల్ భార్య కాంతమ్మ దవాఖాన కాగితాల సంచి భుజానికి తగిలించుకుని కమాను కింద నిలబడింది. ఊళ్లోంచి పొలాలకు పోయే బండ్లు ఆమె ముందు నుంచే పోతున్నాయి. అన్నీ తెలిసిన మొహాలే. మొన్నటి దాకా బండి ఆపి పాల్ ఎట్లున్నాడని అడిగినవాళ్లే ఇవాళ మెడ అటు తిప్పుకుని పోతున్నారు. ఫోను చేసింది. కురుమూర్తి ఎత్తలేదు. మళ్లీ చేసింది. కట్ చేశాడు.

ఇంట్లో పాల్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకోలేడు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. కాళ్లు ఎంత వాచాయంటే వేలు పెట్టి నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోతోంది. శుక్రవారం నాడు చెల్లెలి భర్త ఇస్రాయేలు బైకు మీద కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. ఊరు దాటకముందే పాల్ పక్కకు ఒరిగి పడబోయాడు. వెనక్కి తెచ్చారు. మల్దకల్ ఆటోవాళ్లకు ఫోను చేస్తే ఊరి పేరు అడిగి, కిరాయి ఉందని పెట్టేశారు.

"వచ్చిండా?" అన్నాడు పాల్.

"వస్తడు తియ్యి," అంది కాంతమ్మ.

రాడని ఇద్దరికీ తెలుసు.

దీనికంతటికీ ఒక మాట ఉంది. బాయ్‌కాట్. ఇంగ్లీషు మాట. హీరో నచ్చకపోతే సినిమాను బాయ్‌కాట్ చేయమంటారు. సభలోంచి బయటికి వచ్చి క్యాంటీన్లో చాయ్ తాగే నాయకులు కూడా బాయ్‌కాట్ చేశామనే చెప్పుకుంటారు. ఆ మాట ఎవరి చెమటలోంచి పుట్టిందో వాళ్లకు అక్కర్లేదు. పాల్‌కు అక్కర. పుణెలో బిల్డింగు పనికి పోయినప్పుడు యూనియన్ మనిషి ఒకడు అతనికి ఆ మాట పుట్టుక చెప్పాడు. కూలి చేసి సంపాదించింది అక్కడే ఖర్చయిపోయింది గానీ, ఆ కథ మాత్రం పాల్ వెంట ఊరికి వచ్చింది.

ఆ కథను బయటికి తీయాల్సిన పని ఇట్లా పడింది.

గద్వాల చుట్టూ పత్తి విత్తనం పండిస్తారు. బట్టకు పోయే పత్తి కాదు, దేశమంతా విత్తుకునే విత్తనం. మధ్యాహ్నం పూట ఆడవాళ్లు వరసల్లో నడుస్తూ, రేపు విచ్చబోయే మొగ్గను గోటితో చీల్చి, లోపలి మగ భాగం గీకేసి, గుర్తుకు ఎర్ర కాగితం ముక్క తగిలిస్తారు. మర్నాడు పొద్దున మగ చెట్టు పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. క్రాసింగ్ అంటారు. ఆ పూట దాటిపోతే పువ్వు ఎర్రబడి రాలిపోతుంది, మళ్లీ కాయ కాదు. కంపెనీకీ రైతుకూ నడుమ నిలబడి ఈ పనంతా చేయించేవాణ్ని ఆర్గనైజర్ అంటారు. ఈ ఊరి ఆర్గనైజర్ మహేశ్వర్. సొంత పొలమూ ఉంది, విత్తనాల దుకాణమూ ఉంది, కారూ ఉంది. అతని పొలానికి పోయే ఆడవాళ్ల గుంపుకు మేస్త్రి కాంతమ్మ. ఆమె రమ్మంటే వస్తారు, వద్దంటే ఆగుతారు.

మహేశ్వర్ పొద్దున చేనుకు పురుగుమందు కొట్టించి, ఆ సంగతి చెప్పకుండా మధ్యాహ్నం గుంపును చేన్లోకి దింపాడు. పాల్ చెల్లెలు జంగమ్మ కూతురు నవ్య సగం సాలు కూడా నడవకముందే వాంతి చేసుకుని పడిపోయింది. కారు గట్టు మీదే ఉంది. "నాటకాలు చేయకున్రి, నీళ్లు చల్లి లేపున్రి, మొగ్గలు ఆగుతయా?" అన్నాడు. కారు తాళం ఇవ్వలేదు. ఇస్రాయేలు బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి దవాఖానకు తీసుకుపోయారు. పిల్ల బతికింది. మర్నాడు గుంపు పొలానికి పోలేదు. మందు కొట్టిన రోజు చేన్లోకి దించొద్దు, కాలనీకి వచ్చి నవ్యకు తప్పయిందని చెప్పాలి. వాళ్లడిగింది అంతే.

ఆ సాయంత్రమే చర్చి మెట్ల మీద కూర్చుని పాల్ కథ చెప్పాడు.

"ఐర్లండ్ అని ఒక దేశం ఉన్నది. ఆలుగడ్డ తిని బతికేటోళ్లు. భూమేమో దొరది. దొర ఆడ ఉండడు. ఆయన తరఫున పెత్తనం చేసేటోడు ఒకడు. వాని పేరు కెప్టెన్ బాయ్‌కాట్."

"ఓహో, ఆర్గనైజర్," అంది జంగమ్మ. అందరూ నవ్వారు.

"ఆ ఏడు పంట బాగలేదు, కౌలు తగ్గియ్యమన్నరు రైతులు. వాడు, భూములు ఖాళీ చేయున్రి అని నోటీసులు పంపిండు. ఎవ్వలు వాన్ని కొట్టలే. పని బంద్ పెట్టిన్రు, గంతే. కూలోళ్లు పోయిన్రు. ఇంట్ల పనోళ్లు పోయిన్రు. దుకాణపాయన సామాన్ ఇయ్యనన్నడు. బట్టలుతికే ఆమె ఉతకనన్నది. కమ్మరాయన గుర్రానికి లాడం కొట్టనన్నడు. టపా తెచ్చే పిలగాడు సుత రాలే."

"వానికి పెండ్లాం లేదా అన్నా?" అంది జంగమ్మ.

"ఉన్నది."

"అయితె ఆ బట్టలన్నీ ఆమెనే ఉతికుంటది. గాడెందుకు ఉతుకుతడు?"

మళ్లీ నవ్వులు. పాల్ ఊపిరి పీల్చుకుని చెప్పాడు. "సర్కారు ఊకుంటదా? వేరే దిక్కు నుంచి యాభైమంది కూలోళ్లను తెచ్చిన్రు. వాళ్లకు కావలి మిలిట్రీ, వెయ్యిమంది దాక. పంట విలువ కన్న కావలి ఖర్సు ఎన్నో రెట్లు. ఆఖరికి పెండ్లాన్ని తీస్కొని ఊరిడిసి పోదమనుకున్నడు. బండి తోలెటోడు దొరకలే. ఒక్కడంటె ఒక్కడు రాలే. మిలిట్రీ అంబులెన్సుల ఎక్కించుకొని పోయిన్రు."

అందరికంటే ఎక్కువ నవ్వింది అక్కడే. కెప్టెన్ అంబులెన్సు ఎక్కడం. జబ్బు లేనోడు అంబులెన్సు ఎక్కడం. జంగమ్మ చర్చి గోడ పట్టుకుని నవ్వింది. కాంతమ్మా నవ్వింది.

"మరి గీ మాట ఎట్ల పుట్టింది?"

"ఈ పనికి ఇంగ్లీషుల పాత మాట ఒకటి ఉన్నది. ఆస్ట్రసైజ్. గది రైతులకు అర్థం కాదు, ఇంకో మాట పెట్టాలె అన్నడంట ఆ ఊరి ఫాదర్. వాని పేరే పెడదం అనుకున్నరు. వాన్ని బాయ్‌కాట్ చేయున్రి! పేపర్లకెక్కింది. దేశాలు దాటింది. మన దాక వచ్చింది."

"మంచి ఫాదరే. మన ఫాదరైతె, ప్రార్థన చేసుకుందం అంటుండె."

ఇస్రాయేలు అదంతా ఫోన్లో తీసి స్టేటస్ పెట్టాడు. మర్నాటికి మహేశ్వర్ కారు పోతుంటే కాలనీ పిల్లలు "కెప్టెన్, కెప్టెన్" అని అరిచారు. ఎందుకలా అంటున్నారో మహేశ్వర్ కనుక్కున్నాడు. స్టేటస్ చూశాడు. శ్రద్ధగా, ఒకటికి రెండుసార్లు చూసినట్టున్నాడు.

ఎందుకంటే, పాల్ చెప్పిన వరుసలోనే మొదలుపెట్టాడు. ముందు కూలి. ఊరి రైతులెవరూ కాలనీవాళ్లను పనికి పిలవలేదు. తర్వాత దుకాణం. ఉప్పు ప్యాకెట్ ఎదురుగా కనిపిస్తుంటే లేదన్నాడు దుకాణపాయన. తర్వాత జంగమ్మ పాలు. కేంద్రంలో పోయించుకోలేదు. తర్వాత ఇస్త్రీ, మంగలి, నీళ్ల ప్లాంటు. చివర్న బండి. డప్పు కొట్టలేదు. మైకులో చెప్పలేదు. కాగితం రాయలేదు. ఎక్కడా ఆ మాట అనలేదు.

శుక్రవారం బైకు మీంచి దించి మంచం మీద కూర్చోబెట్టాక పాల్ ఇదే అన్నాడు. "సూసినవానే? నేను చెప్పిన వరుస తప్పలే. గోడ కట్టెటోనికి కొలతలిచ్చినట్టు ఇచ్చిన."

"ఊకో. నువ్వు చెప్పకున్న చేస్తుండె."

"చేస్తుండె. గింత సక్కగ చేయకపోతుండె."

నాలుగు రోజులుగా ఆ మాట అతన్ని తొలుస్తోంది. నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతోంది, ఆ మాట తలలోకి ఎక్కుతోంది.

ఇక ఇవాళ, మంగళవారం. కాంతమ్మ కమాను కింద ఇంకా నిలబడి లాభం లేదనుకుంది. సంచి భుజానే వేసుకుని ఊళ్లోకి నడిచింది, కురుమూర్తి ఇంటికి.

ఆటో పందిరి కింద తుడిచి పెట్టి ఉంది. కురుమూర్తి బర్రెను కడుగుతున్నాడు. కాంతమ్మను చూశాడు. చేతిలో చెంబు ఆగింది. మళ్లీ వెంటనే బర్రె వీపు రుద్దడం మొదలుపెట్టాడు.

"కురుమూర్తీ, మీ మామకు బాగలేదు. ఊపిరాడతలేదు. గద్వాల దాక దించి రా నాయినా."

కురుమూర్తి ఆమె వైపు చూడలేదు. బర్రె చెవి దగ్గరికి వంగాడు. "ఏం చెయ్యాల్నే నల్లదానా? నేను మాట్లాడితె నన్ను సుత కాలనీల కలుపుతరట. ఎదురింటోడు కిటికీల నుంచి చూస్తుండు. నువ్వన్న చెప్పు ఆమెకు."

కాంతమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆమె కూడా బర్రె వైపు తిరిగింది. "నల్లదానా, మీ యజమానిని అడుగు. మనిషి సచ్చేటట్టున్నడు. ఈయనకు మామ అని పిల్సుడు ఎర్కనా, మర్సిపోయిండా?"

కురుమూర్తి చెంబు కిందపెట్టాడు. "నల్లదానా, నాకు నిద్ర పడతలేదని చెప్పు. గుంపును ఇయ్యాల మొగ్గలకు పంపితె అన్నీ ఇడుస్తరట. మహేశ్వర్ పటేలే అన్నడు. బండి, దుకాణం, నీళ్లు, అన్నీ."

బర్రె తోక విసిరింది. మురికినీళ్లు ఇద్దరి మీదా పడ్డాయి. ఎవరూ నవ్వలేదు.

కాంతమ్మ తిరిగి వచ్చేసరికి కమాను కింద మహేశ్వర్ కారు అడ్డంగా ఆగి ఉంది. అతను బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్లవాడు. తెల్లచొక్కా నలగలేదు గానీ కళ్లు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. అతనికీ పువ్వులు రాలుతున్నాయి మరి. రాయచూరు దిక్కు నుంచి కూలీలను పిలిపించాడు. వాళ్లు వచ్చి, నవ్య సంగతి విని, "బేడప్పా", వద్దులే అని, మర్నాడే సంచులు సర్దుకున్నారు.

"కాంతమ్మా, గిట్లెందుకు పరేషాన్ అయితవు?" అన్నాడు. వెనక డోరు తెరిచాడు. లోపలి ఏసీ చల్లగాలి కాంతమ్మ పాదాలకు తగిలింది. "పాల్‌ను తీస్కరా. నేనే తోలుకొని పోత గద్వాలకు. పండుకొని పోవచ్చు. నువ్వు గుంపుకు ఒక్క మాట చెప్పు, మధ్యాహ్నం మొగ్గలకు పొమ్మని."

కాంతమ్మ ఆ సీటు వైపు చూసింది. మెత్తటి సీటు. పాల్ అందులో ఒరిగి కూర్చున్నట్టే కనిపించింది. గంట లోపు మిషను దగ్గర ఉంటాడు. సాయంత్రానికి కాళ్ల వాపు తీస్తుంది. ఒక్క మాట. నోట్లోకి వచ్చేసింది కూడా.

"నవ్యకు తప్పయిందని చెప్తవా పటేలా?"

"గా పిల్లకు నేను చెప్పాల్నా?"

"మందు కొట్టిన దినం చేన్లకు దించవు గదా?"

"కాంతమ్మా, బేరమాడే టైమా ఇది? మొగడు కావాల్నా, పౌరుషం కావాల్నా?"

"ఠాణల కేసు పెడత నేను. గిట్ల బాయ్‌కాట్ చేస్తె జైలని కానూన్ ఉన్నది."

మహేశ్వర్ నవ్వాడు. ఫోను తీసి చూపించాడు. అందులో పాల్, చర్చి మెట్ల మీద. "బాయ్‌కాట్ అన్నదెవరు? నేనన్ననా? ఊర్ల ఒక్కడన్న అన్నడా? ఇగో, మీ ఆయన నోటి మాట. పో, పెట్టు కేసు. ముందు ఎవన్ని లోపలేస్తరో చూద్దం."

నిజమే. మాట కాలనీది, పని ఊరిది. మాట అన్నవాడు మంచం మీద చావుకు దగ్గరపడ్డాడు, పని చేసేవాడు ఏసీ వేసుకుని బేరమాడుతున్నాడు. చదువుకున్నవాళ్లు ఈ రెండింటినీ ఒకే మాటతో పిలిచి, ఇరుపక్షాలూ సంయమనం పాటించాలని పేపర్లో రాస్తారు. ఇరుపక్షాలట! కెప్టెన్‌కు వెయ్యిమంది మిలిట్రీ ఉంది. పాల్‌కు ఉప్పు ప్యాకెట్ లేదు.

"అడిగొస్త," అని కాంతమ్మ లోపలికి పోయింది.

ఇంటి ముందు జంగమ్మ, నవ్య, ఇస్రాయేలు ఉన్నారు. పాల్ పెదవులు నల్లబడుతున్నాయి. మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నాడు.

"కారు తెచ్చిండు," అంది కాంతమ్మ.

"నేను కారెక్కాల్నంటె... మీరు చేనెక్కాలె. గంతేనా?"

"గంతే."

"ఆ చేన్లనే గదనే... ఈ పిల్ల పడ్డది."

నవ్య గుమ్మం పట్టుకుని నిలబడింది. "మామా, నా కోసం నువ్వు సావకు. నేను పోత మొగ్గలకు. నేనే ముందు పోత."

"నోర్ముయ్," అన్నాడు పాల్. ఆ ఒక్క మాటకు చాలాసేపు దగ్గాడు.

జంగమ్మ కళ్లొత్తుకుంది. "వదినె, నూట ఎనిమిదికి చెయ్యరాదు? శుక్రవారం నుంచి చెప్తున్న. అన్న వద్దంటుండు, నువ్వు ఇంటున్నవు."

"అంబులెన్సు ఎక్క నేను," అన్నాడు పాల్.

కాంతమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. నాలుగు రోజులుగా ఇదే జవాబు. అభిమానం అనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు అతని కళ్లలో కనిపించింది వేరే. భయం.

"ఎందుకెక్కవు? ఇయ్యాల చెప్పు."

"కెప్టెన్ ఎక్కిండు గదనే. కథ గాడ అయిపోతది. ఊరంత చూస్తరు... పాల్ అంబులెన్సుల పోయిండు అంటరు. ఓడిపోయిండంటరు. మహేశ్వర్ గదే చూడనీకె... కమాను కాడ నిలబడ్డడు."

కాంతమ్మ మంచం పట్టె మీంచి లేచింది. ఈ మనిషి మందు లేక చావడం లేదు, బండి లేక చావడం లేదు. తాను చెప్పిన కథకు కట్టుబడి చస్తున్నాడు. ఆ సాయంత్రం అందరూ నవ్విన నవ్వు అతని కాళ్లకు తాడై చుట్టుకుంది. అందులో తన నవ్వూ ఉంది.

"నువ్వు కెప్టెన్‌వా?" అంది. "నీకేమన్న దొర పెత్తనమిచ్చిండా? ఎవలి భూమి గుంజుకున్నవు? నీ పేరు మీద మాట పుడతదా, తిట్టు పుడతదా? గాడు ఊరిడిసి పోనీకె ఎక్కిండు. నువ్వు తిరిగి రానీకె ఎక్కు. గదీ ఫరక్. గా ముచ్చట నీ యూనియనాయన చెప్పలేదా?"

పాల్ ఆమెను చూశాడు. సరేనని తల ఊపాడు.

నవ్య అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది.

ఎదురుచూడటం అన్నిటికంటే చెడ్డ పని. జంగమ్మ విసురుతోంది. కాంతమ్మ పాల్ వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది, అతను ఒరగకుండా. అతని ఊపిరి తన వీపుకు తెలుస్తోంది. వస్తోంది. ఆగుతోంది. వస్తోంది. ఆగినప్పుడల్లా ఆమె తన ఊపిరి కూడా ఆపుకుంటోంది. దారిలో ఏమన్నా అయితే? కారును కాదన్నది తనే. ఏసీ సీటును కాదన్నది తనే. ఊళ్లోవాళ్లు ఏమంటారన్నది కాదు, జీవితమంతా తనను తాను ఏమనుకోవాలి?

సైరన్ వినబడింది. ఊరంతా బయటికి వచ్చింది. కమాను దగ్గర కారు అడ్డం. అంబులెన్సు డ్రైవరుకు ఈ ఊరు తెలియదు, మహేశ్వర్ ఎవరో తెలియదు. తల బయటపెట్టి అరిచాడు.

"ఎవలిదిర ఆ కారు? అక్క పెండ్లికొచ్చినవా? తియ్, తియ్!"

ఆర్గనైజర్ మహేశ్వర్ కారెక్కి, కాలనీ అంతా చూస్తుండగా, వెనక్కి, వెనక్కి, పొలాల బాట మలుపు దాకా రివర్సు పోయాడు. పాల్‌ను ఎక్కించారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. గుంపు ఆడవాళ్లు డోరు దగ్గర మూగారు.

"మధ్యాహ్నం ఎవ్వరు పోకున్రి," అంది కాంతమ్మ. డోరు పడింది.

దవాఖానలో మిషను దగ్గరుండే టెక్నీషియన్ భానుప్రకాశ్ తిట్లు లంకించుకున్నాడు. "శుక్రవారం ఏమైందమ్మా? ఇది ఏమన్న బస్సా, ఒకటి పోతె ఇంకోటి ఎక్కనీకె? ఇంకొక పూట ఆగితె ఏమవుతుండెనో ఎర్కనా?"

"ఊర్ల బాయ్‌కాట్ నడుస్తుంది సారూ."

"బాయ్‌కాటా? ఏ సినిమాది?"

కాంతమ్మకు నవ్వు వచ్చింది. వారం తర్వాత మొదటిసారి. నవ్వుతూనే ఏడ్చింది. ఆ కుర్రాడు ఏం చేయాలో తెలియక సూది సరిచేయడంలో పడ్డాడు. మిషను తిరగడం మొదలైంది. గొట్టంలో ఎర్రగా రక్తం పోతోంది, వస్తోంది. పాల్ కళ్లు మూసుకున్నాడు. మధ్యాహ్నం దాటాక అతని పెదవులకు రంగు వచ్చింది. డాక్టరమ్మ చూసి, ఒకరోజు ఉండమంది. పాల్ వినలేదు. తిరిగి పోవాలన్నాడు. శుక్రవారం తప్పకుండా రావాలని, మళ్లీ తప్పితే చెప్పలేనని ఆమె గట్టిగా చెప్పి పంపింది.

శుక్రవారం. కాంతమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది, మధ్యలో రెండు రోజులే. శుక్రవారం సంగతి తర్వాత, ఇప్పుడు ఊరికి ఎట్లా పోవడం? తిరిగి రానీకె ఎక్కమని చెప్పింది తనే.

గేటు బయట కురుమూర్తి ఆటో ఉంది. కురుమూర్తి దాని పక్కన బీడీ తాగుతూ నిలబడ్డాడు. వాళ్లను చూసి బీడీ పారేశాడు.

"అత్తా, జర పట్టు, మామను నేనెక్కిస్త."

"బర్రె రాలేదా?" అంది కాంతమ్మ.

కురుమూర్తి తల వంచుకున్నాడు. "గిది గద్వాల. ఈడ నాకు నోరున్నది. ఊరి కల్వర్టు దాక తీస్కపోత. ఆడికెల్లి దిగి నడవాలె మీరు. తిట్టుకుంటె తిట్టుకోండి."

ఎవరూ తిట్టలేదు. దారిలో మహేశ్వర్ చేను వచ్చింది. పొద్దున తెల్లగా విచ్చిన పువ్వులు ఎవరి చెయ్యీ తగలక వరసలు వరసలుగా ఎర్రబడ్డాయి. మొగ్గల మీద కొత్త కాగితం ముక్క ఒక్కటీ లేదు. గుంపు పోలేదు. కాంతమ్మ అటు చూసి చప్పున కళ్లు తిప్పుకుంది. పువ్వు అట్లా పాడవడం ఆమెకు కూడా చూడబుద్ధి కాదు. చిన్నప్పటి నుంచి చేసిన పని.

కల్వర్టు దగ్గర కురుమూర్తి ఇంజను ఆపాడు. జంగమ్మ, ఇస్రాయేలు, నవ్య, గుంపు ఆడవాళ్లు మంచం పట్టుకుని అక్కడే ఉన్నారు. కాలనీ ఊరికి అవతలి కొసన ఉంది. నడివీధి దాటుకుని పాల్‌ను మంచం మీద మోసుకుపోవాలి.

"మంచం మీద వద్దు," అన్నాడు పాల్ మెల్లగా. "శవం లెక్క కొడతది."

మోయడానికి వచ్చినవాళ్లు మంచం కిందపెట్టారు. కురుమూర్తి హ్యాండిల్ పట్టుకుని కూర్చునే ఉన్నాడు. ఊరి వైపు చూశాడు. పాల్ వైపు చూశాడు. దిగి ఆటో వెనక్కి పోయాడు.

"కూసో మామా, దిగకు. ఇంజన్ బంద్ ఉన్నది. ఇగ ఇది ఆటో కాదు, తోపుడు బండి. ఇస్రాయేలూ, నువ్వు హ్యాండిల్ చూస్కో. తోయండ్రి!"

తోశారు. చక్రాలు కదిలాయి. నడివీధిలోకి వచ్చేసరికి అరుగుల మీద మనుషులు లేచి నిలబడ్డారు. పాల చెంబులతో పోయేవాళ్లు ఆగిపోయారు. ఇంజను చప్పుడు లేదు. ఆడవాళ్ల గాజుల చప్పుడు, కంకర నలిగే చప్పుడు. ఆటోలో పాల్ నిటారుగా కూర్చున్నాడు. చెమటలు పడుతున్నాయి, అయినా ఒరగలేదు. కాంతమ్మ పక్కనే నడుస్తూ అతని మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. ఎవడన్నా ఒక రాయి విసిరితే చాలు. ఆమె ప్రతి గుమ్మమూ చూస్తూ నడిచింది.

విత్తనాల దుకాణం మెట్లు దిగి మహేశ్వర్ అడ్డం వచ్చాడు.

"ఏందిరా కురుమూర్తీ?"

"ఏం లేదు పటేలా. ఆటో నడుపుతలేను. సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూడు కావాల్నంటె."

ఎవరో కిసుక్కుమన్నారు. మహేశ్వర్ మొహం కందిపోయింది. రోజంతా చేను ఎర్రబడటం చూసి వచ్చినవాడు. "ఎగతాళారా? కాలనోళ్లను బండెక్కియ్యొద్దని నీకు చెప్పిన్నా లేదా? ఊర్ల అందరికి చెప్పిన్నా లేదా? ఉప్పు ఇయ్యొద్దంటె ఇయ్యలే, పాలు పోయించుకోవద్దంటె పోయించుకోలే. నువ్వొక్కనివే మొగోనివా?"

ఇన్నాళ్లూ చాటుగా చెప్పిన మాటను నడివీధిలో తన నోటితోనే చెప్పాడు.

ఇస్రాయేలు ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకున్నాడు. ఇంకో చేతిలో ఫోను పైకెత్తి ఉంది. కల్వర్టు దగ్గర్నుంచీ అట్లాగే ఉంది.

పాల్ ఆటోలోంచి కొంచెం ముందుకు వంగాడు. "ఇంకొకసారి చెప్పు పటేలా. గాజుల సప్పుడుకు సక్కగ వినబడలే."

మహేశ్వర్ ఫోను వైపు చూశాడు. పక్కకు తప్పుకున్నాడు. ఆటో అతని ముందు నుంచి మెల్లగా పోయింది. రేపు ఆ ఫోనుతో గద్వాల పోవాలి, కేసు రాసుకుంటారో లేదో చూడాలి, శుక్రవారానికి బండి చూసుకోవాలి. ఏదీ తేలలేదు. కాంతమ్మ చేతి కింద పాల్ మోకాలు మాత్రం వెచ్చగా ఉంది.

ఇంటి ముందు పాల్‌ను దించాక కురుమూర్తి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"శుక్రవారం వస్తవా?" అంది కాంతమ్మ.

"తోసుకుంటనన్న వస్త," అని నవ్వబోయి, ఊరి వైపు చూసి ఆగిపోయాడు. దూరంగా అతని ఇంటి ముందు మనుషులు పోగవుతున్నారు. పందిట్లో ఎవరో బర్రె కట్టు విప్పి బయటికి తోలుతున్నారు. కురుమూర్తి తువ్వాల అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. జేబులో ఫోను మోగింది, వాళ్లావిడ. తీసి విన్నాడు. "ఆఁ... ఆఁ..." అన్నాడు. పెట్టేశాడు.

"ఏమంటుంది?"

"దుకాణపాయన నూనె ఇయ్యలేదట."

కాంతమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఆమెను, బర్రెను ఈడికే రమ్మను. చేతులు కడుక్కో. జంగమ్మ రొట్టెలు చేస్తుంది."

కురుమూర్తి ఆ చెంబు వైపు చూశాడు. మామ అని వరస కలిపి పిలిచినా, ఆ ఇంటి నీళ్లు అతను ఇంతవరకు ముట్టలేదు. వంగి, చెంబు ఎత్తాడు.